ఓ గ్రూపు అనుకున్న రక్తం

తెల్లటి పలక మీద మూడు రక్తపు చుక్కలు వేస్తారు. ఒకదానిలో యాంటీ-ఏ ద్రవం, ఇంకోదానిలో యాంటీ-బీ, మూడోదానిలో యాంటీ-డీ కలిపి పుల్లతో తిప్పుతారు. కాసేపటికి చుక్క విరిగిన పాలలా ముద్దలు కడితే ఆ యాంటిజెన్, అంటే ఎర్రకణం మీది ఆ గుర్తు, ఉన్నట్టు. మొదటి రెండు చుక్కలూ నునుపుగానే ఉండిపోతే కార్డు మీద ‘ఓ’ అని రాస్తారు. దాదాపు ఎప్పుడూ అది నిజమే. ఎప్పుడో ఒకసారి మాత్రం కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే ఎర్రకణం పైపొరను చూడాలి. అక్కడ చక్కెర అణువుల గొలుసులు ఉంటాయి. గొలుసు చివర ఫ్యూకోజ్ అనే చక్కెర తగిలితే అది హెచ్ యాంటిజెన్. దానికి ఎన్-ఎసిటైల్ గెలాక్టోజమైన్ చేరితే ఏ, గెలాక్టోజ్ చేరితే బీ, రెండు రకాలూ ఉంటే ఏబీ. ఏదీ చేరక హెచ్ దగ్గరే ఆగితే ఓ. తేడా అంతా ఒక్క చక్కెర అణువుదే! కానీ మన ఒంట్లో లేని యాంటిజెన్ మీద దాడి చేసే యాంటీబాడీలు పసితనంలోనే తయారై ఉంటాయి. ఏ గ్రూపు మనిషికి బీ రక్తం ఎక్కిస్తే ఆ కణాలు పగిలిపోతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణమే పోవచ్చు. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ ఈ గ్రూపుల సంగతి ప్రకటించే దాకా రక్తం ఎక్కించడమంటే అదృష్టాన్ని నమ్ముకోవడమే.

1952లో బొంబాయిలో వై.ఎం. భెండే బృందం ఇంకో వింత గమనించింది. కొందరి ఎర్రకణాల మీద ఏ, బీలే కాదు, హెచ్ కూడా లేదు. దాన్నే బాంబే గ్రూపు అంటున్నాం. వీళ్ల శరీరానికి హెచ్ కూడా పరాయిదే. ఓ కణాల మీద ఉన్నదంతా హెచ్చే కాబట్టి, అందరికీ ఇవ్వొచ్చని పేరున్న ఓ నెగటివ్ కూడా వీళ్లకు ప్రమాదం. భారతదేశంలో సుమారు 10,000 మందిలో ఒకరు ఇలా ఉంటారని అంచనా. పలక మీద పరీక్షలో మాత్రం వీళ్లు ఓ గ్రూపువాళ్లలాగే కనిపిస్తారు.

బ్లడ్ బ్యాంకులో అందుకే రెండోవైపు నుంచి కూడా చూస్తారు. దాత రక్తంలోని ద్రవభాగాన్ని, అంటే ప్లాస్మాను, ముందే గ్రూపు తెలిసిన ఏ, బీ, ఓ కణాలతో కలుపుతారు. ఓ కణాలు కూడా ముద్దకట్టాయంటే అక్కడ అనుమానం మొదలవుతుంది. రక్తం ఇద్దామని వచ్చి తనది బాంబే గ్రూపని తెలుసుకునేవాళ్లు ఉన్నారు. అలా తెలిస్తే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించాలి. తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యువును మోస్తున్నవాళ్లయితే, తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ 25 శాతం అవకాశం ఉంటుంది.

ఎర్రకణాలు ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులే నిలుస్తాయి. ఇంత అరుదైన గ్రూపును ముందే తీసి పెట్టుకోవడం కష్టం, పిలిస్తే వచ్చే మనుషులే దిక్కు. మామూలు గ్రూపులకూ ఇది చాలావరకు వర్తిస్తుంది. తీసిన రక్తాన్ని హెచ్‌ఐవీ, హెపటైటిస్ వంటి పరీక్షలన్నీ అయ్యాకే ఎక్కిస్తారు. అందువల్ల యాక్సిడెంట్ కేసులో మొదటి గంటలో పనికొచ్చేది అంతకుముందు ఎవరో ఇచ్చి వెళ్లిన రక్తమే. ‘అర్జెంట్’ అన్న మెసేజ్ చూసి పరుగెత్తుకొచ్చే కుర్రాళ్లంటే నాకు గౌరవమే. ఏ టెన్షనూ లేని మామూలు రోజున వచ్చి ఇచ్చివెళ్లే వాళ్లంటే ఇంకా ఎక్కువ గౌరవం.

ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ 1954లో, 18 ఏళ్ల వయసులో రక్తం ఇవ్వడం మొదలుపెట్టారు. పద్నాలుగేళ్లప్పుడు పెద్ద ఆపరేషన్‌లో ఎవరెవరో ఇచ్చిన రక్తమే ఆయన్ని బతికించింది. తన ప్లాస్మాలో యాంటీ-డీ అనే యాంటీబాడీ బలంగా ఉందని మొదట్లో ఆయనకు తెలియదు. డీ యాంటిజెన్ లేని (ఆర్‌హెచ్ నెగటివ్) తల్లి శరీరం, అది ఉన్న (పాజిటివ్) బిడ్డ కణాల మీద యాంటీబాడీలు తయారు చేయకుండా ఆపే ఇంజెక్షన్ ఆ ప్లాస్మాతోనే చేశారు. 2018 దాకా ఆయన 1,173 సార్లు దానం చేశారు.

ఒకసారి తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది, ఎర్రకణాలకు వారాలు పడుతుంది. మన దేశంలో మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలనడం అందుకే. ఈ మధ్యలో ఫోన్ నంబరు మారితే బ్లడ్ బ్యాంకుకు చెప్పండి. అరుదైన గ్రూపు దాత పేరు జాబితాలో ఉన్నా, పాత నంబరుకు చేసిన ఫోన్ ఆ మనిషికి చేరదు.