చిలికేదీ అదే, విడదీసేదీ అదే

మొన్న గుంటూరులో ఒక ఇంజినీరింగ్ కాలేజీకి ప్రాజెక్టు వైవా చేయడానికి వెళ్లాను. కెమికల్ ఫైనలియర్ కుర్రాడు ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు. సెంట్రిఫ్యూగల్ కాంటాక్టర్ అనే తిరిగే యంత్రంలో ద్రవాలు ఎలా కదులుతాయో కంప్యూటర్‌తో లెక్కగట్టిన బొమ్మ. ఎరుపు, నీలం సుడులు. ‘సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ సార్’ అన్నాడు. పక్కనున్న లెక్కల మాస్టారు ‘తవుడు నూనె మిల్లా?’ అన్నారు. ఆయన తప్పేం లేదు. మన వైపు సాల్వెంట్ ప్లాంటు అంటే తవుడు మీద హెక్సేన్ అనే ద్రావకం పోసి నూనె లాగేదే.

కుర్రాడి బొమ్మలో తవుడు లేదు, రెండూ ద్రవాలే. నీళ్లలో కరిగిన సరుకును, నీళ్లతో కలవని మరో ద్రవంలోకి, అంటే సాల్వెంట్‌లోకి, మళ్లించాలి. దానికి రెండింటినీ బాగా చిలకాలి, వెంటనే తేటగా విడదీయాలి. ఈ రెండు పనులకూ పడదు. బొట్టు ఎంత సన్నదైతే సరుకు అంత త్వరగా మారుతుంది. కానీ ఆ బొట్టే విడిపోవడానికి అంత మొండికేస్తుంది.

ల్యాబ్‌లో అయితే రెండు ద్రవాలూ పోసిన సెపరేటింగ్ ఫన్నెల్ కుదిపి, స్టాండుకు తగిలించి, టీ తాగొచ్చేసరికి పొరలు తేరుకుంటాయి. పెన్సిలిన్‌కు అంత వ్యవధి లేదు. దాన్ని సాల్వెంట్‌లోకి లాగాలంటే ముందు ఆమ్లం కలపాలి, ఆ ఆమ్లంలోనే అది చెడిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ తొందరే వాల్టర్ పోడ్‌బీల్నియాక్ తయారుచేసిన తిరిగే ఎక్స్‌ట్రాక్టర్‌కు గిరాకీ తెచ్చింది. తిప్పి విడదీయడం అప్పటికి పాతదే. 1878లోనే గుస్తాఫ్ డి లావాల్ పాలలోంచి మీగడ తీసే సెపరేటర్ చేశాడు. వడ్లమూడి డెయిరీకి వెళ్లినవాళ్లకు ఆ సూత్రం విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాతి తొందర అణు ఇంధనానిది. వాడేసిన ఇంధనంలోంచి యురేనియం, ప్లుటోనియం వేరు చేసే సాల్వెంట్‌ను రేడియేషన్ పాడుచేస్తుంది. అక్కడ పెద్ద తొట్లలో నిమిషాల తరబడి నానబెట్టే కన్నా చిన్న యంత్రంలో క్షణాల్లో తేల్చేయడం మేలు. 1960ల్లో అమెరికాలోని సవానా రివర్ అణు కేంద్రం ఈ దారి పట్టింది. ఆ తర్వాత అక్కడిదే ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల దాన్ని ఇంకా సులువు చేసింది. చిలకడానికి వేరే తెడ్డు తీసేసి, తిరిగే రోటర్‌కూ బయటి గోడకూ మధ్య సందులోనే ద్రవాలు చిలికేలా చేసింది. చిలికిన మిశ్రమం అడుగునున్న రంధ్రంలోంచి రోటర్ లోపలికి ఎక్కుతుంది. బరువైనది గోడకు, తేలికైనది నడిమికి చేరి, పైనున్న వియర్ల మీదుగా వేర్వేరుగా పొర్లిపోతాయి. వియర్ అంటే మన చెరువు అలుగు లాంటిదే. 5 సెంటీమీటర్ల రోటర్ 3600 ఆర్పీఎంతో తిరిగితే గోడ దగ్గర లాగుడు భూమ్యాకర్షణకు సుమారు 360 రెట్లు. మన దగ్గర కల్పాక్కం అణు కేంద్రంలో, ఫాస్ట్ రియాక్టర్ అనే ఒక రకం అణు రియాక్టర్‌లో వాడేసిన ఇంధనానికి ఈ తరహా యంత్రాలనే వాడారు.

యంత్రం పనిచేస్తోంది సరే, లోపల ఏం జరుగుతోంది? ఉక్కు గోడలోంచి కనబడదు. 1923లో బ్రిటిష్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ ఒకదానిలో ఒకటి ఉన్న రెండు సిలిండర్ల మధ్య ద్రవాన్ని లెక్కగట్టాడు. లోపలిదాని వేగం ఒక హద్దు దాటగానే ద్రవం గాజుల దొంతరలా సుడులు కడుతుందని ప్రయోగంతో సహా చూపాడు. మన కుర్రాడి జట్టువాళ్లు కూడా విజయవాడ ఆటోనగర్‌లో చిన్న రోటర్ చేయించుకొచ్చి, అక్రిలిక్ గొట్టంలో పెట్టారు. నీళ్లలో వెండిరంగు పొడి కలిపి తిప్పితే గాజులు ఒకదానిమీద ఒకటి చక్కగా నిలిచాయి. కిరోసిన్ పోసి వేగం పెంచగానే అంతా పాలలా తెల్లగా అయిపోయింది. గాజుల్లేవు, గీతల్లేవు. పైగా గాలి కూడా లోపలికి దూరి, ద్రవమట్టం ఎగిరెగిరి పడుతోంది. టేలర్ లెక్క ఇక్కడ ఆగిపోతుంది.

కంప్యూటర్ లెక్కలు అక్కణ్నుంచి అందుకున్నాయి. 1981లో హర్ట్, నికోల్స్ రాసిన వాల్యూమ్ ఆఫ్ ఫ్లూయిడ్ పద్ధతి చోటునంతా చిన్న గళ్లుగా కోసి, రెండు ద్రవాల మధ్య సరిహద్దు ఏ గళ్లలో ఉందో పట్టుకుంటుంది. రోటర్ లోపల తేటగా విడిపోయిన పొరలకు అది బాగా పనికొస్తుంది. బయటి సందులో మాత్రం సన్నటి బొట్లు ఉంటాయి, ఒక్కో బొట్టుకూ సరిహద్దు పట్టాలి. బొట్టు 100 మైక్రాన్లు (మిల్లీమీటరులో పదో వంతు), అడ్డంగా పది గళ్లు అనుకోండి. ఒక్క మిల్లీలీటరుకే 100 కోట్ల గళ్లు కావాలి. కాలేజీ ల్యాప్‌టాప్ సంగతి వదిలేయండి, పెద్ద కంప్యూటర్లూ నీరసిస్తాయి. అందుకని అక్కడ బొట్లను విడివిడిగా చూడకుండా, ఏ గడిలో ఏ ద్రవం ఎంత వంతు ఉందో లెక్కించే ఆయిలర్–ఆయిలర్ పద్ధతి వాడతారు. ఒకే యంత్రానికి రెండు లెక్కలన్నమాట. 2013లో ఆర్గాన్‌కు చెందిన కెంట్ వార్డల్, హెన్రీ వెల్లర్‌తో కలిసి ఈ రెంటినీ ఒకే సాల్వర్‌లో, అంటే లెక్కగట్టే ఒకే ప్రోగ్రాంలో, కుట్టారు. అదీ ఓపెన్‌ఫోమ్‌లో, పైసా ఖర్చులేని సాఫ్ట్‌వేర్‌లో. అందుకే ఆ బొమ్మ గుంటూరు దాకా వచ్చింది.

అయితే ఆయిలర్ పద్ధతిలో బొట్టు ఎంతో లెక్కకు మనమే చెప్పాలి, లేదా అది ఎలా చిట్లుతుందో చెప్పే మరో మోడల్ తగిలించాలి. ద్రవాల మధ్య ఈడ్పు, ఎంత సరుకు మారుతుందన్నది, అన్నీ ఆ అంకె మీదే. కుర్రాడి ఫైల్ తెరిపించి చూశాను. బొట్టు వ్యాసం దగ్గర 100 మైక్రాన్లు అని కొట్టి ఉంది.

‘ఎక్కడ కొలిచావు?’

‘కొలవలేదు సార్. పేపర్లో అలాగే ఉంది.’

‘వాళ్ల రోటర్ మీ రోటరంతే ఉందా?’

కుర్రాడు మేస్త్రి చేసిచ్చిన రోటర్‌ను బల్ల మీంచి తీసి, స్కేలు కోసం జేబు తడుముకున్నాడు.