కిటికీ మూసే వేళ

కార్తీకం వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్లో సాయంత్రం ఐదున్నరకి ఒకటే చప్పుడు. ముందు పక్క ఫ్లాట్ వాళ్ల బాల్కనీ తలుపు, తర్వాత పై అంతస్తులో స్లైడింగ్ కిటికీలు, ఆ వెనకే మా ఇల్లు. అమ్మ కుర్చీలో కూర్చునే కేకేస్తుంది, "దోమలొస్తున్నాయి, తలుపులెయ్యండి" అని. పది నిమిషాల్లో బిల్డింగ్ అంతా మూసుకుపోతుంది. మళ్లీ తెల్లారి పాలప్యాకెట్ వచ్చేదాకా తెరిచేవాళ్లు లేరు, అంటే పన్నెండు గంటల పైమాటే. చలికి మూస్తున్నాం అనుకుంటాం గానీ హైదరాబాద్‌లో చలి ఎంతని? డిసెంబర్లో రాత్రిపూట పద్నాలుగు, పదిహేను డిగ్రీలు, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఇంకాస్త తక్కువ. మన కిటికీలు మూయించేవి ఎక్కువగా దోమలే. ఆ తర్వాత దుమ్ము, ట్రాఫిక్ రొద.

కోవిడ్ గురించి రాద్దామని కూర్చుని కిటికీల సంగతి ఎత్తుకున్నానంటే కారణం ఉంది. ఆంక్షలన్నీ పోయాయి. విపత్తు నిర్వహణ చట్టం కింద పెట్టిన ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిశాయి, 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అత్యవసర పరిస్థితి అయిపోయిందని ప్రకటించింది. ఆ తర్వాత కూడా వైరస్ రూపాలు మార్చుకుంటూ వస్తూనే ఉంది, 2023 డిసెంబర్లో జేఎన్.1 పేరు విని అందరం మళ్లీ ఓసారి ఉలిక్కిపడ్డాం కదా. ఇప్పుడు మాస్కు పెట్టుకోమని చెప్పేవాళ్లు లేరు, టెస్టు చేయించుకునేవాళ్లు తక్కువ. ఇలాంటప్పుడు మన చేతిలో ఉన్నదేంటి అని ఆలోచిస్తే నాకు మాటిమాటికీ గాలే గుర్తొస్తోంది. నాలుగు గోడల మధ్య మనం పంచుకునే గాలి.

"చలికాలం వస్తే కోవిడ్ పెరుగుతుందట కదా" అని చాలామంది అడుగుతారు. మన ఊరి అనుభవం చూడండి. మొదటి వేవ్ ఉధృతంగా ఉన్నది 2020 వానాకాలంలో. రెండోది, అన్నిటికంటే భయంకరమైనది, 2021 ఏప్రిల్, మే నెలల్లో వచ్చింది, అప్పుడు బయట ఎండ నలభై డిగ్రీలకు అటూ ఇటూ. గాంధీ ఆస్పత్రి ముందు అంబులెన్సులు బారులు తీరిన రోజులవి. చలికాలంలో వచ్చింది మూడోది, 2022 జనవరిలో ఒమిక్రాన్, అంతే. వైరస్ కొత్త రూపంలోకి మారడం, మనలో పాత రక్షణ తగ్గిపోవడం, ఈ రెండూ కలిసినప్పుడు వేవ్ వస్తుంది, అది ఏ నెలైనా కావచ్చు. ఫ్లూ కూడా అంతే, మన దేశంలో ఏటా రెండుసార్లు పెరుగుతుంది, వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్యలో ఇంకోసారి.

చలికాలం కథ చాలావరకు చల్లటి దేశాల నుంచి వచ్చింది. అక్కడ ఇంట్లో హీటర్లు వేస్తారు, బయటి చల్లటి గాలి లోపల వేడెక్కేసరికి బాగా పొడిబారుతుంది. అలాంటి గాలిలో నోటి తుంపరలు త్వరగా ఆరిపోయి, చిన్నవై, తేలుతూ ఉండిపోతాయి. ముక్కులో జిగట పొర ఎండిపోయి మలినాలను బయటికి నెట్టే పని నెమ్మదిస్తుంది. అదంతా నిజమే, కానీ మన ఇళ్లలో హీటర్లు ఎక్కడున్నాయి? మన దగ్గర చలికాలం చేసే పని మనల్ని తలుపులేసుకుని లోపల కూర్చోబెట్టడం. అదే పని ఎండాకాలంలో ఏసీ చేస్తుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. ఏప్రిల్‌లో ఏసీ గది, డిసెంబర్లో దోమలకు మూసిన గది, వైరస్‌కి రెండూ ఒకటే.

ఇది అర్థం కావాలంటే పూజగదిలో అగరుబత్తి వెలిగించి చూడండి. వాకిట్లో వెలిగిస్తే పొగ క్షణంలో కనపడకుండా పోతుంది. తలుపేసిన గదిలో వెలిగిస్తే ఆరిపోయిన అరగంటకి కూడా పొగ తెర తెరగా కనిపిస్తుంది. మన ఊపిరి కూడా అంతే, కాకపోతే కంటికి కనపడదు. మాట్లాడినా, దగ్గినా, ఊరికే శ్వాస వదిలినా రకరకాల సైజుల తుంపరలు వస్తాయి. వెంట్రుక మందం ఉన్నవి, అంటే 100 మైక్రాన్లవి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), నిలబడ్డ మనిషి నోటి ఎత్తు నుంచి ఐదారు సెకన్లలో నేల మీద పడిపోతాయి. 5 మైక్రాన్లవి దాదాపు అరగంట తేలతాయి. ఒక్క మైక్రాన్ సైజువి కదలని గాలిలో దిగడానికి పన్నెండు గంటల దాకా పడుతుంది. వైరస్ సైజు 0.1 మైక్రాన్, కాబట్టి ఆ చిన్నవాటిలో కూడా దానికి చోటుంది. మొదట్లో మనం సంచులు కడుక్కుంటూ, కూరగాయలు ఉప్పు నీళ్లలో వేస్తూ, ఆరడుగుల గీతలు గీసుకుంటూ గడిపాం, ఆ భయంలో అది సహజమే. కానీ గాలి సంగతి గట్టిగా చెప్పడంలో ప్రపంచవ్యాప్తంగా ఆలస్యం జరిగింది. ఆ ఆలస్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు, చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల పరిశోధన సంస్థ ఇమ్‌టెక్ వాళ్లతో కలిసి హైదరాబాద్, మొహాలీ ఆస్పత్రుల్లో గాలి పట్టి పరీక్షించారు. గదిలో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది కోవిడ్ రోగులుంటే నాలుగింట మూడు నమూనాల్లో వైరస్ ఆనవాళ్లు దొరికాయి. ఒక్కరే ఉన్నా, ఖాళీ చేసి వెళ్లిపోయినా అది నూటికి పదహారుకు పడిపోయింది. ఒక గదిలో ఎంతమంది, ఎంతసేపు, గాలి ఎంత మారుతోంది, లెక్కంతా ఈ మూడింటి మీదే.

దీనికి నాలుగోది కూడా ఉంది, గొంతు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం స్కాజిట్ కౌంటీలో 2020 మార్చి 10న మన భజన బృందం లాంటిదే ఒక గాయక బృందం, 61 మంది కలిసి రెండున్నర గంటలు పాటలు సాధన చేశారు. వాళ్లలో ఒకరికి జలుబు లక్షణాలున్నాయి. ఆ ఒక్కరి నుంచి 52 మందికి సోకింది, ఇద్దరు చనిపోయారు. పాట పాడేటప్పుడు మామూలు మాటకంటే ఎక్కువ తుంపరలు వస్తాయి, గట్టిగా పాడేకొద్దీ పెరుగుతాయి, లోతుగా పీల్చుకోవడం కూడా ఎక్కువే. ఇప్పుడు మన అయ్యప్ప పడిపూజలు గుర్తు తెచ్చుకోండి. మా కాలనీలో ఏటా స్వాములు డాబా మీద షామియానా వేసి చేస్తారు, చుట్టూ తెరిచే ఉంటుంది, శరణుఘోష వీధి చివరికి వినిపిస్తుంది, నిశ్చింతగా వెళ్లొచ్చు. అదే పూజ సెల్లార్ పక్కన కమ్యూనిటీ హాల్లో తలుపులేసి, వంద మంది, రెండు గంటలు అంటే మాత్రం పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి నేను వెనకాడతాను. కార్తీక వనభోజనాలు కూడా అంతే. ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేసుకుని రెండు వందల మంది తిన్నా ఆరుబయట ముప్పు చాలా తక్కువ. అదే బంధువులు, అదే పులిహోర, మూసిన ఏసీ బాంకెట్ హాల్లోకి మారితే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మాకు తెలిసొచ్చింది అలాంటి హాల్లోనే. రెండేళ్ల కిందట కొంపల్లి వైపు ఒక పెళ్లి, రాత్రి ముహూర్తం. అమ్మకి డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. స్టేజీ ముందు సోఫాలో పిన్నీవాళ్లతో మూడు గంటలు కూర్చుంది, వెనక తలుపులన్నీ ఏసీ కోసం వేసేశారు. మూడో రోజు పొద్దున గొంతు గరగర అంది, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడింది. ఇంట్లో ఉన్న కోవిడ్ టెస్టు కిట్‌తో చూస్తే ఒకటే గీత, అంటే నెగటివ్. హమ్మయ్య అనుకుని, మెడికల్ షాపుకెళ్లి చెబితే అజిత్రోమైసిన్ మూడు మాత్రల స్ట్రిప్ చేతిలో పెట్టారు, నేనూ ఏమీ అడక్కుండా తెచ్చేశాను. రెండు రోజుల తర్వాత పిన్ని ఫోన్ చేసి "అక్కకి ఎలా ఉంది, మాకు పాజిటివ్ వచ్చింది" అంటే, మళ్లీ చూశాం. ఈసారి రెండో గీత మొదటిదానికంటే ముదురుగా వచ్చింది. షుగర్ 280.

ఆ రెండు రోజుల్లో నేను చేసిన తప్పులు ఇంకొకరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను. లక్షణాలు మొదలైన రోజే చేసే ర్యాపిడ్ టెస్టులో గీత రాకపోతే కోవిడ్ లేదని అర్థం కాదు, అప్పటికి వైరస్ ఇంకా ఆ కిట్ పట్టేంత పెరగలేదేమో, 48 గంటల తర్వాత మళ్లీ చూడాలి. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మందు, కోవిడ్‌కి పనిచేయదని పెద్ద పెద్ద పరీక్షల్లో తేలిపోయింది. వైరస్ మీద పనిచేసే మందులు వేరే ఉన్నాయి, కానీ అవి మొదటి ఐదు రోజుల్లో మొదలుపెడితేనే ఉపయోగం, కాబట్టి అరవై దాటినవాళ్లకి, షుగర్, కిడ్నీ, గుండె, క్యాన్సర్ సమస్యలున్నవాళ్లకి మొదటి రోజే డాక్టరుకి చెప్పాలి. ఇక స్టెరాయిడ్ల జోలికి సొంతంగా అసలు వెళ్లొద్దు. ఆక్సిజన్ అవసరం పడినవాళ్లకి అవి ప్రాణం నిలబెట్టాయి, అవసరం లేనివాళ్లకి మేలు చేయకపోగా కీడు చేస్తాయి. 2021 మేలో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని బ్లాక్ ఫంగస్‌కి ప్రత్యేక కేంద్రం చేయాల్సి వచ్చింది, గుర్తుందా? అదుపులో లేని షుగర్‌కి స్టెరాయిడ్లు తోడైన చోట ఆ ఫంగస్ విజృంభించింది.

ఆక్సీమీటర్ ఏ డ్రాయర్లో ఉందో వెతికి బ్యాటరీ మార్చి పెట్టుకోండి. చలికాలంలో చేతులు చల్లబడితే అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది, అరచేతులు రుద్దుకుని, గోళ్ల రంగు లేని వేలికి పెట్టి, అంకె నిలకడయ్యేదాకా ఆగాలి. అప్పుడు కూడా 94 కంటే తక్కువుంటే ఆస్పత్రికి వెళ్లడంలో ఆలస్యం చేయొద్దు. అమ్మకి 95 దగ్గర ఆగింది, వారం తర్వాత కోలుకుంది, నీరసం మాత్రం సంక్రాంతి దాకా వదల్లేదు.

ఇప్పుడు చాలామందికి ఇది మామూలు జలుబులా ఎందుకు పోతోంది, కొందరిని మాత్రం ఎందుకు పడేస్తోంది? టీకాలవల్లా పాత ఇన్ఫెక్షన్లవల్లా మన ఒంట్లో రెండు రకాల కాపలా ఏర్పడింది. యాంటీబాడీలు గుమ్మం దగ్గరే అడ్డుకుంటాయి, కానీ కొన్ని నెలల్లో తగ్గిపోతాయి, పైగా వైరస్ తన ముళ్ల ప్రొటీన్ ఆకారం మార్చుకుంటే వాటికి గుర్తుపట్టడం కష్టం. అందుకే మళ్లీ మళ్లీ సోకుతోంది. రెండో కాపలా టీ కణాలు, జ్ఞాపకం ఉంచుకునే బీ కణాలు అనే తెల్ల రక్తకణాలది, ఇవి ఎక్కువ కాలం ఉంటాయి, అవి రంగంలోకి దిగడానికి కొన్ని రోజులు పట్టినా జబ్బు ఊపిరితిత్తుల దాకా ముదరకుండా చూస్తాయి. వయసు మీద పడ్డవాళ్లలో, కిడ్నీ మార్పిడి మందులు వాడేవాళ్లలో ఈ రెండో కాపలా బలహీనంగా ఉంటుంది. టీకా సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి, ఫ్లూ టీకా ఏటా వేయించుకోవడం మాత్రం పెద్దవాళ్లకి, గర్భిణులకి తప్పకుండా చెబుతాను. కోవిడ్, ఫ్లూ రెండూ ఒకే సీజన్లో తగిలితే తట్టుకునే ఒళ్లు కాదు కదా వాళ్లది.

పెళ్లి సంగతి తర్వాత నేనొక కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొన్నాను. బయటి గాలిలో అది పది లక్షల పాళ్లకి 420 కాస్త అటూ ఇటూ ఉంటుంది, మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000. కాబట్టి గదిలో ఆ అంకె ఎంత పెరిగితే అంతగా ఒకరు వదిలిన గాలిని ఇంకొకరు పీలుస్తున్నట్టు. మా పడకగదిలో ముగ్గురం తలుపేసుకుని పడుకుంటే తెల్లవారుజామున 2,150 చూపించింది. అంటే పీల్చే గాలిలో నాలుగు శాతం పైన అప్పటికే ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లో తిరిగొచ్చినదే. సీలింగ్ ఫ్యాన్ వేస్తే అంకె మారలేదు, అది ఉన్న గాలినే కలుపుతుంది. కిటికీ నాలుగు వేళ్ల వెడల్పు తెరిచి, బాత్రూమ్ తలుపు తీసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే గంటలో 900కి దిగింది. ఎగ్జాస్ట్ లోపలి గాలిని బయటికి లాగేస్తుంటే కిటికీలోంచి కొత్త గాలి దానంతటదే వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడు ఇంతకంటే చవకైన ఉపాయం నాకు తెలియదు.

అయితే చలికాలం పొద్దున్నే కిటికీలు బార్లా తీయమని కూడా చెప్పను. రాత్రి నేల చల్లబడి కింది గాలి బరువెక్కుతుంది, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది, బండ్ల పొగ, చెత్త తగలబెట్టిన పొగ అంతా ఆ మూత కిందే చిక్కుకుంటుంది. ఎండెక్కాక ఆ మూత తొలగుతుంది. అందుకే పదకొండు నుంచి నాలుగు మధ్యలో అన్నీ తీసి పెట్టుకోవడం మంచిది, రాత్రికి ఆ నాలుగు వేళ్ల సందు చాలు.

మాస్కు గురించి ఒక్క మాట. ఎన్95 లోపలి పొరకి విద్యుదావేశం ఉంటుంది, సన్నటి రేణువులను పట్టేది ముఖ్యంగా అదే. మనమంతా వాటిని సర్ఫు నీళ్లలో ఉతికి దండెం మీద ఆరేశాం, సబ్బు నీళ్లతో ఆ ఆవేశం పోతుంది, చూడటానికి మాత్రం మాస్కు శుభ్రంగానే ఉంటుంది. ఉతక్కండి, రెండు మూడు పెట్టుకుని ఆరబెట్టుకుంటూ మార్చి మార్చి వాడండి. అమ్మ ఇప్పుడు మెట్రో ఎక్కినా, ఆస్పత్రి ఓపీలో కూర్చున్నా పెట్టుకుంటుంది, గుడి ప్రాంగణంలో తీసేస్తుంది.

మొన్న ఆదివారం మెష్ అతను వచ్చి హాల్లో రెండు కిటికీలకి, బాల్కనీ తలుపుకి జాలీ బిగించి వెళ్లాడు. ఈ సాయంత్రం ఐదున్నరకి పక్కింటి తలుపు చప్పుడు వినగానే అమ్మ అలవాటుగా కేకేసింది. "జాలీ ఉంది కదమ్మా" అన్నాను. లేచొచ్చి దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు చూసింది, గాలి తగులుతోందంది. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుని, శాలువా తెమ్మంది.