1.5 శాతం గీత: అర్జెంటీనా వామపక్ష ఫ్రంట్ వెనుక కథ

2025 అక్టోబర్ 26న అర్జెంటీనా పార్లమెంటు ఎన్నికల్లో అధ్యక్షుడు హవియేర్ మిలే పార్టీ గెలిచిందన్న వార్త ప్రపంచమంతా చదివింది. రాజధాని బ్యూనస్ ఎయిరీస్ నగరంలో మూడో స్థానం ఎవరిదో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. సుమారు 9 శాతం ఓట్లతో అక్కడ నిలిచింది మిర్యం బ్రెగ్మన్ ముందుండి నడిపిన జాబితా. ఆమె లాయరు. సైనిక పాలన నాటి నేరాల కేసుల్లో బాధితుల తరఫున వాదించారు. ట్రాట్‌స్కీయిస్టు, అంటే రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ బాట పట్టిన కమ్యూనిస్టు. అంతకు రెండేళ్ల ముందు అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు దేశం మొత్తం మీద ఆమెకు వచ్చింది 2.7 శాతం.

నగరం లెక్క వేరు, దేశం లెక్క వేరు. అయినా ఈ హెచ్చుతగ్గులు కొత్తవి కావు. ఆమె ఉన్న కూటమి పేరు తెలుగులో చెప్పాలంటే ‘వామపక్ష, కార్మిక ఫ్రంట్ – ఐక్యత’. స్పానిష్ పొడి అక్షరాలతో అక్కడ ఫిట్ అంటారు. పుట్టినప్పటి నుంచీ దానిది ఒకటే వరస. పార్లమెంటుకు మాత్రమే ఎన్నికలు జరిగే ఏడాది ఓట్లు పెరుగుతాయి, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఏడాది తగ్గుతాయి.

అర్జెంటీనా కార్మికుల్లో వామపక్షానికి మొదటి నుంచీ అడ్డుపడ్డది పెరోనిజం. 1940ల్లో కల్నల్ హువాన్ పెరోన్ కార్మిక శాఖ చూస్తూ జీతాలు, సెలవులు, పెన్షన్ల విషయంలో కార్మికులు ఎన్నేళ్లుగానో అడుగుతున్నవి ఇచ్చాడు. యూనియన్లు ఆయన వైపు తిరిగాయి, 1946లో అధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత తరాల తరబడి పెరోనిస్టుకు ఓటేయడం కార్మిక కుటుంబాల్లో ఇంటి అలవాటు లాంటిదైంది. మిగిలిన కొద్ది చోటులోనే కమ్యూనిస్టులు, సోషలిస్టులు, ట్రాట్‌స్కీయిస్టులు సర్దుకోవాలి. ఆ ఇరుకులోనూ చీలికలే. 1980ల్లో అందరిలోకీ పెద్దదైన ‘మాస్’ అనే ట్రాట్‌స్కీయిస్టు పార్టీ కమ్యూనిస్టులతో కలిసి 1989లో లూయిస్ జమోరాను పార్లమెంటుకు పంపగలిగింది. తర్వాత కొన్నేళ్లకే ముక్కలైంది. ఇవాళ ఫిట్‌లో ఉన్న నాలుగు పార్టీల్లో మూడింటి మూలాలు ఆ ఒక్క పార్టీలోనే ఉన్నాయి. నాలుగోది, 1960ల నుంచీ వేరు దారిన నడిచిన వర్కర్స్ పార్టీ.

2001 డిసెంబర్‌లో దేశం కుప్పకూలింది. బ్యాంకుల్లో డబ్బు చిక్కుకుపోయింది, జనం గిన్నెలు, గరిటెలు పట్టుకుని వీధుల్లోకి వచ్చి ‘అందరూ పోవాలి’ అని అరిచారు. పనిలేనివాళ్లు రోడ్లు దిగ్బంధించారు. నెవుకెన్‌లోని జానోన్ టైల్స్ ఫ్యాక్టరీని యజమాని మూసేస్తే కార్మికులే స్వాధీనం చేసుకుని నడిపారు. ‘యజమాని లేని ఫ్యాక్టరీ’ అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు. వామపక్షానికి ఇంతకన్నా అనువైన కాలం ఉంటుందా? కానీ ఆ కదలికంతా ఓట్లుగా మారలేదు. 2007 అధ్యక్ష ఎన్నికల్లో ఈ ధోరణి పార్టీలు ఎవరి అభ్యర్థిని వాళ్లు పెట్టుకున్నాయి. నెస్తోర్ పిత్రోలా, విల్మా రిపోల్, హోసే మోంతెస్ ముగ్గురిలో ఒక్కరికీ 1 శాతం దాటలేదు. ఒకే మాట చెప్పే ముగ్గురు మూడు గుర్తుల మీద నిలబడితే మామూలు ఓటరు ఎవర్ని ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు వాళ్ల దగ్గర సిద్ధాంత చర్చలు ఉన్నాయి, జవాబు లేదు.

జవాబు బయటి నుంచి వచ్చింది. 2009 డిసెంబర్‌లో పెరోనిస్టు అధ్యక్షురాలు క్రిస్తినా ఫెర్నాందెస్ ప్రభుత్వం కొత్త ఎన్నికల చట్టం తెచ్చింది. అసలు ఎన్నికకు ముందు ఓటర్లందరూ పాల్గొనే ప్రాథమిక ఎన్నిక జరుగుతుంది, అందులో 1.5 శాతం రాని జాబితా అసలు పోటీకే ఉండదు. దేశం మొత్తం మీద సుమారు 4 లక్షల ఓట్లు. తమను తుడిచిపెట్టడానికే ఈ చట్టం అని వామపక్షాలు మండిపడ్డాయి. ఆ కోపంలో న్యాయముంది. విడివిడిగా వెళితే ఒక్కరూ ఆ గీత దాటేవారు కాదు.

ఇదే సమయంలో జరిగిన ఒక హత్య ఈ పార్టీలను మరింత దగ్గర చేసిందని నా నమ్మకం. రైల్వేలో కాంట్రాక్టు కార్మికులను పర్మనెంట్ చేయాలని జరిగిన ఆందోళనలో, 2010 అక్టోబర్ 20న, వర్కర్స్ పార్టీకి చెందిన మరియానో ఫెరేరా అనే 23 ఏళ్ల కుర్రాణ్ణి కాల్చి చంపారు. కాల్చింది యూనియన్ నాయకత్వం పంపిన ముఠా. రైల్వే యూనియన్ పెద్ద హోసే పెద్రాసాకు 2013లో కోర్టు 15 ఏళ్ల జైలు శిక్ష వేసింది. పెరోనిస్టు యూనియన్ పెద్దలు ఎవరి పక్షాన ఉన్నారో ఈ ఒక్క కేసు చాలామంది యువ కార్మికులకు చూపించింది.

2011 ఏప్రిల్‌లో వర్కర్స్ పార్టీ, సోషలిస్టు వర్కర్స్ పార్టీ, సోషలిస్ట్ లెఫ్ట్ కలిసి ఫ్రంట్ కట్టాయి. అధ్యక్ష అభ్యర్థి హోర్హే అల్తమీరా. ఆగస్టు 14 ప్రాథమిక ఎన్నికకు ముందు టీవీ, రేడియో వ్యాఖ్యాత హోర్హే రియాల్ ‘అల్తమీరా కోసం ఒక అద్భుతం’ అన్న మాట ఎత్తుకున్నాడు, అది ట్విట్టర్‌లో పాకింది. వామపక్షంతో ఏ సంబంధం లేనివాళ్లు కూడా, కనీసం పోటీలో ఉండే హక్కు వీళ్లకు ఉండాలని ఓటేశారు. 5 లక్షలు దాటాయి. అక్టోబర్‌లో 2.3 శాతం వచ్చింది కానీ పార్లమెంటులో ఒక్క సీటూ రాలేదు.

సీట్లు 2013లో వచ్చాయి. ఆ ఏడు సుమారు 12 లక్షల ఓట్లతో ముగ్గురు ఎంపీలయ్యారు: రాజధానిని చుట్టి ఉన్న బ్యూనస్ ఎయిరీస్ రాష్ట్రం నుంచి పిత్రోలా, మెందోసా నుంచి నికొలాస్ దెల్ కాన్యో, సాల్తా నుంచి పాబ్లో లోపెస్. కొద్ది రోజుల తర్వాత సాల్తా నగర కౌన్సిల్ ఎన్నికలో వర్కర్స్ పార్టీ ఏకంగా మొదటి స్థానంలో నిలిచింది.

ఇది ఎలా సాధ్యమైందో మన పద్ధతికి అలవాటుపడ్డవాళ్లకు కాస్త చెప్పాలి. మన దగ్గర నియోజకవర్గంలో మొదట వచ్చినవారిదే సీటు. అందుకే 2023 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న సీపీఐకి కొత్తగూడెం దక్కింది, ఒంటరిగా వెళ్లిన సీపీఎంకు ఏదీ దక్కలేదు. అర్జెంటీనా దిగువ సభకు రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం, జాబితాకు వచ్చిన ఓట్ల దామాషాలో సీట్లు. ప్రతి రెండేళ్లకు సగం సభను ఎన్నుకుంటారు. బ్యూనస్ ఎయిరీస్ రాష్ట్రంలో ఒక్కసారే 35 సీట్లకు పోటీ ఉంటుంది కాబట్టి 5 శాతం ఉన్నా సీటు వస్తుంది. పెద్ద పార్టీ పొత్తు అక్కర్లేకుండానే చిన్న పార్టీ బతకగలదు. సెనేట్‌లో ఆ వెసులుబాటు లేదు. రాష్ట్రానికి మూడు సీట్లు, రెండు మొదటి పార్టీకి, ఒకటి రెండో పార్టీకి. ఫిట్ అక్కడ అడుగుపెట్టలేదు.

వచ్చిన సీటును పంచుకునే పద్ధతి కూడా వాళ్లే పెట్టుకున్నారు. గెలిచిన ఎంపీ పదవీకాలం మధ్యలో రాజీనామా చేసి, జాబితాలో తర్వాత ఉన్న మరో పార్టీ మనిషికి చోటిస్తారు. సోషలిస్టు వర్కర్స్ పార్టీ ఎంపీలు ఒక టీచర్ జీతానికి సమానమైన మొత్తమే ఉంచుకుని మిగతాది సమ్మె నిధులకు, పోరాటాలకు ఇస్తారు. ఇన్నేళ్లూ ఈ ఫ్రంట్‌ను కలిపి ఉంచింది సిద్ధాంత ఐక్యత కన్నా ఈ వంతుల ఒప్పందమే అని నేననుకుంటాను. పత్రికలు వేరు, యూనియన్లలో ప్యానెళ్లు వేరు, అంతర్జాతీయ సంబంధాలు వేరు. ఎన్నికలప్పుడు మాత్రం జాబితా ఒకటి.

2015లో ఆ జాబితాలో మొదటి పేరు ఎవరిదన్న గొడవ ప్రాథమిక ఎన్నికకు ఎక్కింది. ముప్పై అయిదేళ్ల దెల్ కాన్యో, ఫ్రంట్‌కు ముఖంగా ఉన్న అల్తమీరాను 20 వేల లోపు ఓట్ల తేడాతో ఓడించాడు. అక్టోబర్‌లో దెల్ కాన్యో, బ్రెగ్మన్ జంటకు 8 లక్షల 12 వేల ఓట్లు, 3.2 శాతం వచ్చాయి. అసలు టెన్షన్ రెండో రౌండ్‌లో మొదలైంది. మిగిలింది కుడిపక్షం మనిషి మక్రీ, పెరోనిస్టు సియోలీ. ఇద్దరికీ వద్దు, ఖాళీ ఓటు వేయండని ఫిట్ పిలుపిచ్చింది. సియోలీ దాదాపు 6.8 లక్షల తేడాతో ఓడాడు. ‘మక్రీని తెచ్చింది మీరే’ అన్న నింద అప్పటి నుంచీ వెంటాడుతోంది. కానీ ఆ రౌండ్‌లో ఖాళీ ఓట్లు 3 లక్షల పైచిలుకే. అవన్నీ సియోలీకి పడినా ఫలితం మారేది కాదు.

నిందలో నిజం లేకపోయినా భయంలో బలముంది. అధ్యక్ష ఎన్నిక ఏడు ‘ముందు వాణ్ణి ఆపాలి’ అని జనం పెరోనిస్టుకు ఓటేస్తారు. 2019లో మక్రీని దించాలన్న పట్టుదలలో ఫిట్ 2.2 శాతానికి పడిపోయింది. ఎమ్మెస్టీ అనే నాలుగో పార్టీ అప్పుడే చేరి పేరుకు ‘ఐక్యత’ జోడించినా ఒక్క కొత్త సీటూ రాలేదు. అదే ఏడు వర్కర్స్ పార్టీ చీలి అల్తమీరా బయటికి వెళ్లిపోయాడు.

రెండేళ్లకే మళ్లీ లేచింది. 2021లో కోవిడ్, ధరల దెబ్బకు పెరోనిస్టు ప్రభుత్వం మీద విసుగు పెరిగి, ఫిట్‌కు సుమారు 13 లక్షల ఓట్లు, నాలుగు సీట్లు వచ్చాయి. అన్నిటికన్నా గట్టి గెలుపు బొలీవియా సరిహద్దున ఉన్న హుహుయ్‌ది. అక్కడ చెత్త ఎత్తే ఆదివాసీ కార్మికుడు అలెహాంద్రో విల్కా పాతిక శాతం ఓట్లతో ఎంపీ అయ్యాడు. తన జాతి, తన పని, రెండిటి వల్లా చులకన అయిన మనిషిని ఆ రాష్ట్రంలో ప్రతి నలుగురిలో ఒకరు ఎంచుకున్నారు.

కానీ అదే రోజు రాజధానిలో సుమారు 17 శాతంతో మిలే పార్లమెంటుకు వచ్చాడు. విసుగు ఒకటే, దారులు రెండు. 2023 చర్చా వేదిక మీద బ్రెగ్మన్, తనను సింహమని చెప్పుకునే మిలేను, సింహం కాదు, డబ్బున్నవాళ్ల ముద్దుల పిల్లిపిల్ల అని ఎత్తిపొడిస్తే దేశమంతా ఆ మాట చెప్పుకుంది. ఓట్లు మాత్రం 2.7 శాతమే. పాత పార్టీల మీద కోపంతో ఉన్న యువకుడికి ఈసారి ఎర్రజెండా కంటే, ప్రభుత్వ ఖర్చులు కోసేస్తానంటూ రంపం చేతపట్టిన మిలే దగ్గరగా కనిపించాడు. ఫిట్‌కు నిజంగా బాధపడాల్సిన ఓటమి ఇది, శాతాల్లో కనిపించేదానికన్నా లోతైనది.

2025లో పార్లమెంటు ప్రాథమిక ఎన్నికలను ఆ ఏటికి నిలిపేసింది. 1.5 శాతం గీత ఆ ఏడు లేదు. విడివిడిగా వెళ్లే వీలుండీ నాలుగు పార్టీలూ ఒకే జాబితాతో వెళ్లాయి. బ్రెగ్మన్, దెల్ కాన్యో, రొమినా దెల్ ప్లా గెలిచారు, హుహుయ్‌లో విల్కా సీటు పోయింది. 2023లో గెలిచిన ఒక్క సీటుతో కలిపి సభలో నలుగురు. తర్వాతి అధ్యక్ష ఎన్నిక 2027లో.