పొంగే పిండి, వాచే గోరు

కోవూరులో మా పిన్నికి టిఫిను అంగడి ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి గ్రైండరు దగ్గర తడిసిన చేతులు రాత్రి గిన్నెలు కడిగేదాకా ఆరవు. రెండేళ్లుగా ఆమె కుడిచేతి రెండు వేళ్లకు గోరుచుట్టు. గోటి మొదలు ఎర్రగా ఉబ్బి, నొక్కితే కాస్త చీము వచ్చేది. గోరు మీద అడ్డంగా గాడులు పడ్డాయి. వేలికి నిమ్మకాయ తొడిగింది, పసుపు పెట్టింది, మందుల షాపులో ఇచ్చిన గొట్టం మందు పూసింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. "నీళ్ల పని చేసేవాళ్లకు ఇది మామూలేలే" అని చివరికి వదిలేసింది.

నెల్లూరులో చర్మవైద్యురాలు ఆ వేళ్లు చూసి ముందుగా అడిగిన ప్రశ్న వేళ్ల గురించి కాదు. "షుగరు పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?" అని. ఎప్పుడూ చేయించుకోలేదు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేస్తే 9.2 వచ్చింది. 6.5 గానీ ఆపైన గానీ ఉంటే మధుమేహం కింద లెక్క. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత మా ఇంట్లో ఆ రోజు నవ్వు తెప్పించలేదు.

ఆ గోటి సందులో చేరింది కాండిడా అనే ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్. ఈస్ట్ అనగానే బేకరీ గుర్తుకొస్తుంది గానీ, బేకరీలు రాకముందే మన పల్లెలకు దాని పని తెలుసు. తాటిచెట్టుకు కట్టిన కుండలో వేకువన తియ్యగా ఉన్న నీరు ఎండెక్కేసరికి నురగలు కక్కుతుంది. అందులో ఎవరూ ఏమీ కలపరు. కుండకూ గెలకూ అంటుకుని ఉన్న ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలునూ వాయువునూ వదులుతుంది. కుండ లోపల సున్నం పూస్తే ఆ పులుపు ఆగుతుంది, తాటి నీరు నీరాగానే దిగుతుంది. పిన్ని దోసెపిండిలోనూ ఈస్ట్ కొంత ఉంటుంది, అయితే అక్కడ పెత్తనం బాక్టీరియాది.

కాండిడా వీటికి దూరపు చుట్టం. ఒక్క కణమే దాని ఒళ్లంతా. మిల్లీమీటరు పొడవున సుమారు రెండు వందల కణాలు వరుసగా పడతాయి. ఆ పేరు 1923లో క్రిస్టీన్ బెర్క్‌హౌట్ అనే డచ్చి శాస్త్రవేత్త పెట్టింది. లాటిన్‌లో తెల్లనిది అని అర్థం. ఎన్నికల కాండిడేటు అన్న మాటకూ మూలం అదే. పాత రోములో పదవి కోరేవారు సుద్దతో తెల్లగా మెరిపించిన వస్త్రం కట్టి జనంలోకి వచ్చేవారు. మన అభ్యర్థుల తెల్లచొక్కాలకు వంశవృక్షం చాలా పెద్దదన్నమాట.

ఈ ఈస్ట్ ఎక్కడినుంచో వచ్చి మీద పడేది కాదు. ఏ జబ్బూ లేనివారిలో కూడా ఇంచుమించు సగం మంది నోట్లో, పేగుల్లో అది ఉంటుంది. గుండ్రటి కణంగా ఉన్నంత కాలం దాని దారి దానిది, మన దారి మనది. వీలు దొరికితే రూపు మార్చి సన్నని దారంలా సాగుతుంది, పైపొర కణాల్లోకి చొచ్చుకుపోతుంది. ఆ దారాలు వదిలే ఒక విషపదార్థాన్ని 2016లో గుర్తించి కాండిడాలైసిన్ అన్నారు. కాబట్టి ఈస్ట్ కనిపించిందా అన్నది చిన్న ప్రశ్న. దానికి వీలు ఎలా దొరికింది అన్నదే అసలు ప్రశ్న.

తడి అలాంటి ఒక వీలు. నాట్ల రోజుల్లో మాగాణి బురదలో నిలబడే కాళ్లు, రొయ్యల శుద్ధి కేంద్రాల్లో ఐసు నీళ్లలో నానే చేతులు ఇందుకు సాక్ష్యం. వేళ్ల సందుల్లో చర్మం నాని తెల్లబడి పగులుతుంది. చెమట నిలిచే గజ్జల్లో, రొమ్ముల కింద ఎర్రటి మచ్చ లేస్తుంది, దాని చుట్టూ చిన్నచిన్న పొక్కులు చుక్కల్లా ఉంటాయి. ఈ చుక్కలు కాండిడాకు మంచి గుర్తు. చుట్టుగా అంచు కట్టి పాకే తామర వేరే జాతి ఫంగస్ పని. వీపు మీది శోభి మచ్చలకు కారణం మలసీజియా, అదీ ఈస్టే, చర్మం మీది నూనె దాని ఆహారం.

యాంటీబయాటిక్‌లు రెండో వీలు. ఈ కథలో మన తెలుగువాడు ఒకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథిగా ఉండగా, అక్కడ బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటిది. ఎన్నో రకాల బాక్టీరియాను ఒక్క దెబ్బకు ఊడ్చేసే మందు. ఊడ్చిన చోట ఖాళీ మిగిలింది, ఆ మందులకు చావని ఈస్ట్ ఆ ఖాళీలో పెరిగింది. ఈ కొత్త బాధకు తగిన మందు 1950లో దొరికింది. న్యూయార్క్‌లో ఎలిజబెత్ హేజెన్ మట్టి నమూనాల్లో సూక్ష్మజీవులను పెంచి సీసాల్లో పోస్టు చేసేవారు. ఆల్బనీలో రేచల్ బ్రౌన్ వాటినుంచి పదార్థాన్ని విడదీసి తిరిగి పోస్టు చేసేవారు. పనికొచ్చిన మట్టి వర్జీనియాలో ఒక స్నేహితుల పొలంలోది. తమ న్యూయార్క్ స్టేట్ పేరు మీదుగా మందుకు నిస్టాటిన్ అని పేరు పెట్టి, వచ్చిన కోటి ముప్పై లక్షల డాలర్ల పైచిలుకు రాయల్టీని ఇద్దరూ విజ్ఞాన పరిశోధనకే ఇచ్చేశారు. సుబ్బారావు గౌరవార్థం ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బరోమైసిస్ అన్న పేరు పెట్టారు. ఫంగస్‌కు పేరు ఇవ్వడం గౌరవమా అని నవ్వుకోవచ్చు గానీ, వృక్షశాస్త్రంలో అది పెద్ద మర్యాదే.

స్త్రీలలో ఈ జబ్బు గురించి మాట్లాడుకునేది తక్కువ, బాధపడేవారు ఎక్కువ. నలుగురిలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా యోనిలో ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ వస్తుందని లెక్క. విపరీతమైన దురద, మంట, మూత్రం పోసేటప్పుడు చురుకు, విరిగిన పాలలా తెల్లని స్రావం. వాసన పెద్దగా ఉండదు. మన ఇళ్లలో స్రావం ఏదైనా ‘తెల్లబట్ట’ అన్న ఒక్క మాటలో ముగుస్తుంది. చేపల వాసన వేసే బూడిదరంగు స్రావం బాక్టీరియాది, పసుపుపచ్చగా నురగతో వచ్చేది ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిది అయి ఉండవచ్చు. మందులు వేర్వేరు. స్రావాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే తేలే విషయానికి పక్కింటామె వాడిన మాత్ర తెచ్చి వేసుకోవడం మామూలైపోయింది. సబ్బుతో లోపల కడగడం మరీ చెరుపు. అక్కడ కాపలా కాసే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా దెబ్బతింటుంది. గర్భిణులలో ఈస్ట్రోజెన్ హార్మోను పెరిగి కణాల్లో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ చేరుతుంది, అందుకే ఆ నెలల్లో ఈ బెడద ఎక్కువ. వారికి ఫంగస్ మందైన ఫ్లుకోనజోల్ మాత్రలు సాధారణంగా ఇవ్వరు, క్లోట్రిమజోల్‌ను లోపల పెట్టుకోమని ఏడు రోజులకు రాస్తారు. మిగతా వారికి తేలికపాటి జబ్బయితే 150 మిల్లీగ్రాముల ఫ్లుకోనజోల్ ఒక్క మాత్ర చాలు. ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెడితే మాత్రం నెలల తరబడి వైద్యం కావాలి. షుగరు పెరగడమూ ఈస్ట్‌కు ఒక వీలే, కాబట్టి దాంతోపాటు షుగరు పరీక్ష కూడా చేయించాలి.

షుగరు మందే ఈస్ట్‌కు వీలు కల్పించే సందర్భమూ ఉంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. గుండెకు, మూత్రపిండాలకు మేలు చేసే మంచి మందులే. అయితే తియ్యటి మూత్రం తగిలే చోట ఈస్ట్‌కు విందు. మగవారికీ పురుషాంగం కొన ఎర్రబడి దురద పెడుతుంది. సిగ్గుపడి మాత్ర మానేయకుండా డాక్టరుతో చెబితే సరిపోతుంది.

చంటిపిల్లల నాలుక మీది తెల్లపూత తుడిస్తే పాలమరక పోతుంది, కాండిడా పోదు, గట్టిగా గీకితే కింద ఎర్రగా ఉంటుంది. ఉబ్బసానికి స్టెరాయిడ్ పీల్చేవారు పీల్చిన తర్వాత నోరు పుక్కిలించాలి. పెద్దవారికి కారణం లేకుండా నోట్లో ఈ పూత వచ్చి మింగడం కూడా కష్టమైతే హెచ్‌ఐవీ పరీక్ష తప్పదు. ఐసీయూలో సిరల్లో గొట్టాలు ఉన్నవారికి ఇదే ఈస్ట్ రక్తంలో చేరితే ప్రాణం మీదికి వస్తుంది. 2009లో జపాన్‌లో ఒక వృద్ధురాలి చెవిలో బయటపడిన కాండిడా ఆరిస్ చాలా మందులకు లొంగదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమైన నాలుగు ఫంగస్‌ల జాబితాలో దాన్ని చేర్చింది.

ఈస్ట్‌కు మందులు తక్కువ ఎందుకంటే, అది బాక్టీరియా కంటే మనకే దగ్గర బంధువు. దాన్ని చంపేది మనల్నీ గాయపరుస్తుంది. ఒక తేడా మాత్రం పనికొచ్చింది: మన కణాల పొరలో కొలెస్టరాల్ ఉన్నచోట దానికి ఎర్గోస్టెరాల్ ఉంటుంది. నిస్టాటిన్ దానికి అంటుకుని పొరకు చిల్లులు పెడుతుంది, ఫ్లుకోనజోల్ దాని తయారీనే ఆపుతుంది.

పిన్ని వాడిన గొట్టంలో ఫంగస్ మందుతో పాటు బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంది. ఇలాంటి కలగూరగంప మందులు మన షాపుల్లో చీటీ లేకుండానే చేతికొస్తాయి. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ బలుస్తుంది, చర్మం పలచబడుతుంది. విచిత్రం ఏమిటంటే నెల్లూరు డాక్టరు రాసినదాంట్లోనూ స్టెరాయిడ్ ఉంది! పాత గోరుచుట్టులో వాపు మొదలయ్యేది తడి వల్ల, ఈస్ట్ ఆ తర్వాత చేరుతుంది, కాబట్టి వాపు తగ్గించక తప్పదని ఆమె వివరించారు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది చీటీ మీద స్పష్టంగా ఉంది. షాపువాడి గొట్టానికి ఆ లెక్క లేదు.

ఇదంతా సంక్రాంతి వెళ్లాక మొదలైంది. గిన్నెలకు ఒక మనిషిని పెట్టారు. పిన్ని పిండి పని నూలు తొడుగు మీద రబ్బరు తొడుగుతో చేస్తోంది, మొదటి వారమంతా విసుక్కుంది. షుగరు ఏడుకు దిగింది. చేతిగోరు నెలకు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది, పూర్తిగా మారాలంటే ఆరు నెలలు. ఆషాఢంలో గోరింటాకు రుబ్బినప్పుడు ఆ రెండు వేళ్లకూ పెట్టించుకుంది.