21 రోజుల లెక్క, 41 రోజుల మాల: అలవాట్ల గురించి అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో హెల్త్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. షుగర్, బీపీ, బరువు, నిద్ర, సిగరెట్... ఏదో ఒక విషయంలో డాక్టరు చెప్పింది చెయ్యలేకపోతున్నవాళ్లు నా దగ్గరికి వస్తారు. కూర్చోగానే చాలామంది అనే మొదటి మాట, "నాకు విల్ పవర్ లేదు మేడమ్." విన్నప్పుడల్లా బాధేస్తుంది. పిల్లల్ని చదివిస్తూ, లోన్లు కడుతూ, రోజూ ట్రాఫిక్‌లో గంటలు గడిపి ఇల్లు చేరే మనిషికి మనోబలం లేకపోవడమేమిటి? అలవాటు ఎలా పనిచేస్తుందో వాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, అంతే. ఇక్కడ చెప్పే మనుషుల వివరాలు కొన్ని మార్చాను.

అపోహ: 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది

ఈ లెక్క అలవాట్ల మీద జరిగిన పరిశోధనలోంచి రాలేదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పుస్తకం రాశారు. ఆపరేషన్ అయ్యాక కొత్త ముఖానికి అలవాటుపడడానికి రోగులకు కనీసం 21 రోజులైనా పడుతోందని అందులో అన్నారు. నోళ్లు మారేకొద్దీ "కనీసం" అన్న మాట రాలిపోయింది. ముఖం సంగతీ పోయింది. 21 మాత్రం మిగిలింది.

నిజంగా కొలిచి చూసినవాళ్లలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం ముఖ్యం. 2010లో అచ్చయిన ఆ అధ్యయనంలో 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకుని, 84 రోజుల పాటు రోజూ ఒకే సందర్భంలో చేశారు. టిఫిన్ కాగానే గ్లాసు నీళ్లు తాగడం లాంటివన్నమాట. ఆ పని ఆలోచించకుండానే జరిగిపోయే దశ రావడానికి మధ్యస్థంగా, అంటే సగం మందికి అంతకు లోపు, సగం మందికి అంతకు పైన అన్న లెక్కలో, 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులే చాలాయి. ఆ 84 రోజుల తీరును బట్టి, మరొకరికి 254 రోజులు పట్టవచ్చని అంచనా తేలింది. తినడం, తాగడం లాంటివి తొందరగా కుదిరాయి, వ్యాయామం మాత్రం ఆలస్యమైంది. 22వ రోజున "నా వల్ల కాదు" అని వాకింగ్ షూస్ మూల పడేసినవాళ్లను తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్లు దారి మధ్యలో ఉన్నారు.

ఒక్కరోజు తప్పితే అంతా మొదటికొస్తుందన్న భయం కూడా అక్కర్లేదు. మధ్యలో ఒకసారి తప్పిపోయినా పెద్దగా తేడా రాలేదని అదే అధ్యయనం చెప్పింది.

అయితే రోజుల లెక్క ఒక్కటే చూసుకుంటే సరిపోదు. కార్తీకం వస్తే మన వీధుల్లో కనిపించే అయ్యప్ప స్వాముల్ని చూడండి. రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి మాల వేసుకున్న 41 రోజులూ ఒక్కటీ ముట్టడు. అది భక్తి, నేను గౌరవిస్తాను. నా వృత్తి వల్ల ఇంకొకటి కూడా గమనిస్తాను. మాల పడ్డ రోజు నుంచి ఆ మనిషి బట్టలు మారతాయి, పడక మారుతుంది, లేచే వేళ మారుతుంది, చివరికి పిలుపు కూడా మారుతుంది. భార్యా పిల్లలే కాదు, ఆఫీసులో మేనేజరు కూడా "స్వామీ" అంటాడు. పాన్ డబ్బా దగ్గర దోస్తు సిగరెట్ ఇవ్వబోయి, నల్లబట్టలు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. పాత అలవాటును నిద్రలేపే గుర్తులన్నీ ఒకేసారి కనుమరుగవుతాయి.

మాల తీశాక? అదే చొక్కా జేబు, అదే టీ కొట్టు, అదే 11 గంటల బ్రేక్. నా దగ్గరికొచ్చిన ఒకాయన శబరిమల నుంచి తిరిగొచ్చి, మాల తీసిన సాయంత్రమే వెలిగించారు. "శరణుఘోష చెప్పిన నోరే మేడమ్ ఇది" అని తల దించుకున్నారు. ఆయన భక్తిలో ఏ లోటూ లేదు. గుర్తులన్నీ తిరిగొచ్చాయి, వాటితో పాటు చెయ్యీ తిరిగొచ్చింది. చన్నీళ్ల స్నానం మానొద్దన్నాను, తెల్లవారగానే కాల్చే మొదటి సిగరెట్ వేళను అది ఆక్రమించింది కాబట్టి. 11 గంటల టీని కొట్టు దగ్గర కాకుండా ఆఫీసు క్యాంటీన్‌లో, సిగరెట్ అలవాటే లేని ఒక స్నేహితుడితో పెట్టుకున్నారు. తర్వాత రెండుసార్లు తప్పారు. రెండుసార్లూ మర్నాడే ఫోన్ చేశారు, నెలల తరబడి దాచలేదు. నాకు అదే పెద్ద మార్పు.

ఒక్క జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. రోజూ బాగా తాగేవాళ్లు, మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు దీక్ష కోసమైనా సరే, డాక్టరును కలవకుండా ఒక్కసారిగా మానకండి. వణుకు, ఫిట్స్, మతి తప్పి మాట్లాడడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చికిత్స ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

అపోహ: గట్టిగా అనుకుంటే చాలు, అంతా మనోబలంలోనే ఉంది

2011లో అచ్చయిన ఒక ప్రయోగంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేవిడ్ నీల్, వెండీ వుడ్ బృందం సినిమా హాల్లో కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం కిందటి మెత్తబడ్డ పాప్‌కార్న్ ఇచ్చింది. హాల్లో పాప్‌కార్న్ తినే అలవాటు బలంగా ఉన్నవాళ్లు, రుచి బాగాలేదని చెబుతూనే, తాజాది ఇచ్చినప్పుడు ఎంత తింటారో అంతా తినేశారు. మీటింగ్ రూమ్‌లో కూర్చోబెడితే మాత్రం పాడైనదాన్ని అంతగా తినలేదు. హాల్లోనే అలవాటు లేని చేత్తో తినమన్నా తగ్గించేశారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సీట్లో కూర్చోగానే మన చెయ్యి పొట్లంలోకి వెళ్లేది ఆకలేసి కాదు. ఆ సీటు, ఆ చీకటి, ఆ తెర పిలుస్తాయి.

అందుకే "రేపట్నుంచి వాకింగ్ చేస్తా" అంటే నేను ఒప్పుకోను. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అని అడుగుతాను. "పాపను స్కూల్ బస్సు ఎక్కించగానే, ఇంట్లోకి రాకుండా అటు నుంచి అటే పార్కుకు" అన్నది పనికొచ్చే ప్లాన్. ఇలా సందర్భానికి ముడివేసుకున్న ప్లాన్ల మీద జరిగిన 94 పరీక్షల ఫలితాలను పీటర్ గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో కలిపి చూశారు. ఉత్తి సంకల్పం కంటే ఇది చెప్పుకోదగ్గంత మేలని తేలింది.

అపోహ: 10,000 అడుగులు నడవకపోతే దండగ

1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరులోంచి పుట్టిన అంకె ఇది. 15 అధ్యయనాలను కలిపి 2022లో చూసినప్పుడు, అకాల మరణం ముప్పు తగ్గడమన్నది 60 దాటినవాళ్లలో 6,000 నుంచి 8,000 అడుగుల దగ్గర, అంతకంటే చిన్నవాళ్లలో 8,000 నుంచి 10,000 దగ్గర నిలకడకు వస్తోందని, అంటే అంతకు మించి పెద్దగా తగ్గడం లేదని తేలింది. ఈ రోజు 3,000 నడిచేవాళ్లు 4,000 నడిస్తే అదీ లాభమే.

అపోహ: ఒకసారి అలవాటైతే ఇక ఎప్పటికీ పోదు

ఒక పెద్దావిడ మల్కాజిగిరిలో సొంతింట్లో ఏళ్ల తరబడి బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మరవలేదు. గచ్చిబౌలిలో కొడుకు ఫ్లాట్‌కు మారిన నెలలోనే వారానికి మూడు నాలుగు రోజులు మరిచిపోవడం మొదలైంది. "మతిమరుపు వచ్చేసిందేమోనమ్మా, మా అమ్మకూ ఇలాగే మొదలైంది" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆ భయంతో రాత్రుళ్లు నిద్ర కూడా లేదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు.

పాత ఇంట్లో పొద్దున్నే ఏం చేసేవారో ఒక్కొక్కటీ చెప్పమన్నాను. లేవడం, ముఖం కడుక్కోవడం, తులసికోట దగ్గర దీపం, లోపలికి రాగానే గూట్లోంచి మాత్ర. కొత్త ఫ్లాట్‌లో తులసికోట లేదు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నాకేం కాలేదా?" అన్నారు.

కొత్త ఇంట్లో పొద్దున్నే తప్పకుండా చేసే పని ఏమిటని వెతికాం. కోడలు లేవకముందే పాల ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోసేది ఆవిడే. ఇప్పుడు మాత్రల డబ్బా ఆ కత్తెర పక్కనే ఉంటోంది.