హైఫై సిస్టమ్‌ని ఏ పాటలతో పరీక్షించాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇళ్లలో స్టీరియో సిస్టమ్స్ అమర్చి సెట్ చేసి ఇవ్వడం నా పని. కొత్త స్పీకర్లు కొనబోయే వాళ్లు నాకు చూపించే పెన్‌డ్రైవ్‌లో దాదాపు ఎప్పుడూ ఒకటే ఫోల్డర్ ఉంటుంది: "ఆడియోఫైల్ టెస్ట్ ట్రాక్స్". ఆడియోఫైల్ అంటే శబ్ద నాణ్యత మీద మోజున్న శ్రోత. ఎవరో పంపితే దించుకున్న ట్రాక్స్ అవి. అందులో వాళ్లు ఇంట్లో సొంతంగా పెట్టుకుని వినే పాట ఒక్కటీ ఉండదు. వేలం వెర్రిగా చేతులు మారుతున్న ఈ ఫోల్డర్ గురించే ఎక్కువ చెప్పాలి, మిగతావి తర్వాత త్వరగా చూద్దాం.

అపోహ: అద్భుతంగా రికార్డు చేసిన ఆడియోఫైల్ ట్రాక్స్‌తోనే సిస్టమ్ సత్తా తెలుస్తుంది.

వాస్తవం: జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. ఆ ట్రాక్స్‌లో సాధారణంగా ఉండేది ఒక గొంతు, ఒక గిటారు, చుట్టూ బోలెడంత ఖాళీ. అది ఓ మోస్తరు స్పీకర్ మీద కూడా బాగానే ఉంటుంది, షోరూముల్లో అదే వేయడానికి కారణం కూడా అదే. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ లాంటి పరిశోధకులు శ్రోతలతో బ్లైండ్ టెస్టులు (ఏ స్పీకర్ మోగుతోందో చెప్పకుండా పెట్టే పరీక్షలు) చేయించినప్పుడు, స్పీకర్ లోపాలు బాగా దొరికింది అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి హోరుమనే పింక్ నాయిస్‌తోనూ, బాస్ నుంచి ట్రెబుల్ దాకా నిండుగా వాద్యాలు మోగే పాటలతోనూ. ఒంటరి గొంతు, ఒంటరి వాద్యం అందులో వెనకబడ్డాయి. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. స్పీకర్‌లో ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనెన్స్ (అవసరానికి మించి మోగడం) ఉందనుకోండి, పాటలో అక్కడ శబ్దం ఉంటేనే కదా అది బయటపడేది!

ఒకాయన షోరూములో అలాంటి గొంతు పాటలు విని, "ఎంత క్లారిటీ!" అనుకుని పెద్ద స్పీకర్లు కొన్నారు. ఇంట్లో ఆయన వినేది డ్రమ్స్, రెండు మూడు గిటార్లు కలిసి మోగే బ్యాండ్ సంగీతం. అరగంట వింటే తలనొప్పి. నన్ను పిలిచి ముందు అడిగిన ప్రశ్న స్పీకర్ల గురించి కాదు, "నా చెవులు పాడయ్యాయా, డాక్టర్‌కి చూపించుకోవాలా?" అని. పాపం, ఎంత టెన్షన్ పడ్డారో. ఆయన చెవులు శుభ్రంగా ఉన్నాయి. ఆ స్పీకర్లు 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త ఎక్కువ మోగుతున్నాయి. పల్చటి పాటలో అది క్లారిటీలా అనిపించింది, నిండు పాటలోకి వచ్చేసరికి గిటార్లు, సింబల్స్ అన్నీ అక్కడే పోగుపడి చెవిలో గుచ్చుకున్నాయి. స్పీకర్లను ఆయన కుర్చీ వైపు నుంచి కొంచెం పక్కకు తిప్పి, ఈక్వలైజర్‌లో ఆ భాగాన్ని తగ్గించాక తలనొప్పి లేకుండా వినగలిగారు. తన పాటలు పట్టుకెళ్లి ఉంటే అవి అసలు కొనేవారే కాదు.

ఆ ఫోల్డర్‌లో తప్పకుండా కనిపించేది సుజాన్ వేగా పాట 'టామ్స్ డైనర్', 1987 ఆల్బమ్‌లోది. "ఎంపీ3ని దీంతోనే పరీక్షించారు సార్, అంతకంటే ఏం కావాలి?" అంటారు. నిజమే, ఎంపీ3 తయారీలో ముఖ్యుడైన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ దాన్ని వాడారు. కానీ ఎందుకు? ఏ వాద్యమూ తోడు లేని గొంతు కాబట్టి, కంప్రెషన్‌లో జరిగిన చిన్న పొరపాటు కూడా దాక్కోవడానికి చోటు లేక బయటపడుతుంది. అది శబ్దాన్ని కుదించే సాఫ్ట్‌వేర్‌కి, అంటే కోడెక్‌కి పెట్టిన పరీక్ష. డ్రమ్ లేదు, బాస్ గిటారు లేదు, కాబట్టి మీ వూఫర్ (బాస్ మోగించే స్పీకర్ భాగం) బాగా కింది ఫ్రీక్వెన్సీల్లో ఏం చేస్తుందో ఆ పాట ఏమాత్రం చెప్పదు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1988లో తెచ్చిన పరీక్ష సీడీలోనూ కాస్టనెట్స్, గ్లాకెన్‌స్పీల్ లాంటి వాద్యాలు, ఆడా మగా మాట్లాడే మాటలు ఉంటాయి. వినసొంపుగా ఉంటాయని పెట్టినవి కావు. ఏ శబ్దం ఏ లోపాన్ని పట్టిస్తుందో చూసి ఎంచుకున్నవి.

మీరూ అలాగే ఎంచుకోండి. వందలసార్లు విని, ఎక్కడ ఏం వస్తుందో కంఠస్థమైన పాటలే తీసుకెళ్లండి. అందులో ఒకటి బాగా రద్దీగా ఉండేది, ఒకటి రికార్డింగ్ అంతంతమాత్రంగా ఉన్నా మీకు ప్రాణమైనది ఉండాలి. బాస్ కోసం అదేపనిగా దడదడలాడేది వద్దు, బాస్ గిటారు మెట్టు మెట్టుగా పైకీ కిందకీ నడిచే పాట పెట్టి, ప్రతి స్వరమూ ఇంచుమించు ఒకే బలంతో వస్తోందా చూడండి. ఒకటి ఉబ్బి ఇంకొకటి మాయమైతే అది చాలావరకు గది చేసే పని. 4 మీటర్ల పొడవున్న గదిలో మొదటి రూమ్ మోడ్ (గది తనంతట తాను ఎక్కువగా మోగించే ఫ్రీక్వెన్సీ) 43 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, బాస్ గిటారులో అన్నిటికంటే మంద్రంగా మోగే తీగ 41. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే ఆ స్వరం గుమ్మంటుంది, సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే సన్నబడిపోతుంది. అందుకే షోరూములో విన్న బాస్‌ని నమ్మి నిర్ణయం తీసుకోవద్దంటాను. వీలైతే స్పీకర్లను ఇంటికి తెచ్చుకుని వినండి.

అపోహ: స్టీరియోకి మోనో పాటలతో పనేముంది?

వాస్తవం: చాలా పని ఉంది. రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చుని పాత మోనో పాట ఒకటి పెట్టండి. గొంతు రెండింటికీ నట్టనడుమ, ఖాళీ గోడ దగ్గర ఒకేచోట నిలబడాలి. పక్కకు జరిగిందంటే బ్యాలెన్స్‌లోనో గదిలోనో తేడా. ఎక్కణ్నుంచి వస్తోందో తెలియకుండా తల చుట్టూ పరుచుకుని, బాస్ కూడా పల్చబడిందంటే ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తారుమారయ్యాయి. "కొత్త సిస్టమ్‌లో దమ్ము లేదు" అని పిలిస్తే వెళ్లి చూస్తే, ఎర్ర టెర్మినల్‌లో నల్ల వైరు! ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

అపోహ: మంచి సిస్టమ్ అయితే మామూలు రికార్డింగులు వినలేం.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఓపిక నశిస్తుంది. రికార్డింగుల మధ్య తేడా తెలియాలి, ఒప్పుకుంటాను. కానీ మీ దగ్గరున్న సంగీతంలో ముప్పావు వంతు వినబుద్ధి కాకపోతే తప్పు సిస్టమ్‌దే.

అపోహ: సీడీ కంటే ఎక్కువ రిజల్యూషన్ ఉన్న హై-రెజ్ ఫైల్స్ లేకపోతే పరీక్షే కాదు.

వాస్తవం: 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ సీడీ చాలు, మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ దాకా అందులో ఉంటుంది. హై-రెజ్‌లో వినిపించే తేడా ఎక్కువగా విడుదలకు ముందు పాటకి చేసే తుది సర్దుబాటు, అంటే మాస్టరింగ్‌ది. ఒకే పాటకి పాత ఎడిషన్ ఒకలా, గట్టిగా నొక్కేసిన రీమాస్టర్ ఇంకోలా ఉంటాయి. కాబట్టి రెండు సిస్టమ్స్ పోల్చేటప్పుడు రెండింటిలోనూ ఒకే ఫైల్ వాడండి. ఎంపీ3ని నాణ్యత పోగొట్టని ఫ్లాక్ ఫార్మాట్‌గా మార్చినంత మాత్రాన పోయింది తిరిగి రాదు.

అపోహ: రెండు ఆంప్లిఫయర్స్‌లో ఏది బాగుందో ఒక్క పాటతో చెప్పేయొచ్చు.

వాస్తవం: వాల్యూమ్ సమానం చేయకుండా అస్సలు చెప్పలేరు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే మనకి "బాగుంది" అనిపిస్తుంది. స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, ఒకే టెస్ట్ టోన్‌కి రెండూ ఒకే ఓల్టేజ్ ఇచ్చేలా సర్దుకోండి. ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంట్లో వాళ్లని మార్చమనండి. అప్పుడు తేడా తెలియలేదంటే కంగారుపడకండి, తక్కువ ధరది తీసుకుని మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టండి.