సర్టిఫికెట్ మీద సీలు కాదు, వెనకాల ఎవరున్నారో చూడండి: బాస్కెట్‌బాల్ ఫెడరేషన్‌పై అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం ప్రాక్టీసయ్యాక బాల్స్ సంచిలో వేస్తుంటే చీపురుపల్లి వైపు నుంచి ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. కవర్లోంచి లామినేషన్ చేయించిన కాగితం తీసి, "మాస్టారూ, ఇది చూపిస్తే రైల్వేలో స్పోర్ట్స్ కోటా వస్తాదంట కదండీ" అంది. బంగారు రంగు సీలు, మెరిసే స్టిక్కరు, పైన పెద్దక్షరాలతో నేషనల్ ఛాంపియన్‌షిప్. ఇంటిపేరు మాత్రం తప్పు. ఎన్ని జట్లొచ్చాయిరా అంటే నాలుగన్నాడు. ఎన్ని మ్యాచ్‌లాడావంటే రెండు. ఎంట్రీ ఫీజు, ట్రాక్‌సూటు, రైలు ఛార్జీలు కలిపి 18 వేలు, అందులో సగం డ్వాక్రా అప్పు.

విజయనగరంలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఈ ఆట నేర్పుతున్నాను. ఇలాంటి కాగితాలు ఏటా నాలుగైదు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

అపోహ: పేరులో ఇండియా, నేషనల్, ఫెడరేషన్ అని ఉంటే అది గవర్నమెంటుదే.

వాస్తవం: అసలైన ఫెడరేషనే గవర్నమెంటు డిపార్ట్‌మెంటు కాదు, ఇక ఇవెక్కడ? ఈ ఆట మన దేశానికి వచ్చిందే వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘం వాళ్ళ చేతుల మీదుగా. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నైస్మిత్ మాస్టారు దీన్ని కనిపెట్టింది కూడా వాళ్ళ కాలేజీలోనే. 1920లో మద్రాసులో అదే వైఎంసీఏ తరఫున హ్యారీ క్రో బక్ వ్యాయామ విద్యా కాలేజీ పెట్టాడు. 1934లో ఢిల్లీలో మొదటి నేషనల్స్ జరిగాయి, 1936లో ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబాలో మన దేశానికి సభ్యత్వం వచ్చింది. బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, మనం బీఎఫ్ఐ అనేది, ఏర్పడింది 1950లో. అంటే ముందు ఆట, తర్వాత పోటీలు, ఆఖర్న సంఘం. సంఘం ఎవరైనా రిజిస్టర్ చేయించుకోవచ్చు, పేరు ఎంత ఘనంగానైనా పెట్టుకోవచ్చు. దాన్ని పైవాళ్ళు గుర్తించారా లేదా అన్నదే లెక్క. జిల్లా సంఘం, దాని మీద రాష్ట్ర సంఘం, దాని మీద బీఎఫ్ఐ, ఆపైన ఫిబా. ఈ గొలుసులో లేని సంఘం పెట్టింది నేషనల్స్ కాదు, తిరనాళ్ళు.

గుర్తింపు ఎంత పని చేస్తుందో 2015లో కళ్ళారా చూశాం. ఆ మార్చిలో ఫెడరేషన్ రెండుగా చీలి బెంగళూరులో ఒక ఎన్నిక, పుణెలో ఇంకో ఎన్నిక జరిగాయి. ఇద్దరిదీ అదే పేరు, ఇద్దరూ మేమే అసలు అన్నవాళ్ళే. చివరికి కె. గోవిందరాజ్ అధ్యక్షుడిగా ఉన్న బెంగళూరు వర్గాన్ని ఫిబా గుర్తించింది. ఆ నెలల్లో నాక్కూడా నిద్రలేదు. పిల్లల్ని ఎవరి సెలక్షన్స్‌కి పంపాలి, రేపు ఆ కాగితం చెల్లకపోతే తల్లిదండ్రులకి ఏం చెప్పాలి అని ఒకటే టెన్షన్. అందుకే భయపడి అడిగేవాళ్ళ మీద నాకు కోపం రాదు. "ఫెడరేషన్‌లో మనోడున్నాడు, నేను చూసుకుంటా" అని టీ కొట్టు దగ్గర పుకార్లు నడిపే బ్రోకర్ల మీదే నా కోపమంతా.

ఇంకో సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకి మెరిసే సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, నిర్ణీత ఫారాలుంటాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, అది జాతీయ ఫెడరేషన్ ఇవ్వాలి. రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫారం 2, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి ఫారం 3, స్కూల్ గేమ్స్‌కి ఫారం 4. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: "దీనికి ఫారం 2 ఎవరిస్తారు?" నీళ్ళు నమిలాడంటే లేచి వచ్చేయండి. ఫారం చేతిలో ఉన్నా నోటిఫికేషన్‌లో ఏ స్థాయి పోటీ, ఎన్నో స్థానం అడిగారో చదువుకోవాలి. రాష్ట్ర జట్టంటే 12 మందే, అదీ జిల్లా సెలక్షన్స్ దాటి, అంతర్ జిల్లా పోటీల్లో కనిపిస్తే. ఒకే వీధిలో ఐదుగురు నేషనల్ ప్లేయర్లున్నారంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మనవాళ్ళు ఒలింపిక్స్ ఆడనే లేదంటారు. ఆడారు, 1980 మాస్కోలో. చాలా దేశాలు బహిష్కరించడంతో చోటు దొరికింది. ఏడు మ్యాచ్‌లూ ఓడి పన్నెండో స్థానంలో ఆగాం. 2014లో వుహాన్‌లో చైనాని వాళ్ళ గడ్డ మీదే 65-58తో కొట్టిందీ మన జట్టే, అది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మన జిల్లాలకి ఈ ఆట నప్పదంటారు. ఆమదాలవలస పక్క పల్లె నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి సిడ్నీలో పతకం తెచ్చినప్పుడు వెయిట్ లిఫ్టింగ్ మనకి నప్పుతుందని ముందే ఎవరైనా చెప్పారా?

ఆడితే పొడుగవుతారన్నది ఇంకోటి. ఎనిమిదో తరగతి నుంచీ ఆడుతున్నాను, ఐదడుగుల నాలుగంగుళాల దగ్గరే ఆగిపోయాను.

ఆవిడకి ఇదంతా చెప్పాక, "మరి ఆ డబ్బులండీ?" అంది. ఫోన్ చేసి చూడమన్నాను, చేసింది, స్విచ్చాఫ్. గుంటడు మాత్రం ఈలోగా సంచిలోంచి బాల్ తీసుకుని ఫ్రీ త్రోలు వేస్తున్నాడు. పదికి ఏడు పడ్డాయి. ఎడమచేత్తో ఆడటం మాత్రం అసలు రాదు. జిల్లా సెలక్షన్స్‌కి ఇంకా టైముంది, పొద్దున్న ఐదున్నరకి రమ్మన్నాను.